రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిన కారు: నా మరమ్మతుల ఖాతా

నా కారు ఓడోమీటరు 2,31,000 దాటిన కొద్ది రోజులకు, రివర్సులో వెనక్కి తీసి మొదటి గేరు వేసి ముందుకు కదిలించే క్షణంలో, ముందు చక్రాల కింద నుంచి ఒకే ఒక్కసారి 'టక్'మని వినిపించడం మొదలైంది. ఆ తర్వాత దారి పొడవునా ఏ చప్పుడూ ఉండేది కాదు. ఎక్కడైనా బ్రేకు కాస్త గట్టిగా తొక్కితే మళ్లీ ఒకసారి 'టక్'. అప్పటికి కారు వయసు 14 ఏళ్లు. అది పెట్రోలు ఇంజను, చేత్తో వేసే గేర్లు ఉన్న మామూలు కారు. నేనే కొత్తగా కొన్నాను, మొదటి నుంచీ నేనే నడుపుతున్నాను. ఆ చప్పుడు మొదలైన నాటి నుంచి నేటికి 26 నెలలు గడిచాయి. ఈ కాలంలో దాని మీద ఎంత ఖర్చు పెట్టాను, అందులో ఎంత సరిగా పెట్టాను, ఎంత నా తెలివితక్కువతనానికి చెల్లించాను అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇక్కడ చెప్పేదంతా ఇంచుమించు ఆ పుస్తకంలోదే.

మొదట వెళ్లిన గ్యారేజీలో కారును ఒక చుట్టు తిప్పి తెచ్చి, ముందు షాకబ్జార్బర్లు పోయాయని చెప్పారు. వంగి చూస్తే నిజంగానే వాటి మీద నూనె చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము కనిపించాయి కాబట్టి నేను మారు మాట్లాడలేదు. రెండూ మార్పించాను, పై మౌంటింగులతో సహా. కారు నడక మెత్తబడింది, గుంతల్లో పడి లేచినప్పుడు రెండు మూడుసార్లు ఊగే అలవాటు పోయింది. 'టక్' మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. మళ్లీ అదే గ్యారేజీకి వెళితే స్టీరింగు రాక్ మార్చి చూద్దామన్నారు. ఆ 'చూద్దాం' అన్న మాట దగ్గర నాకు అనుమానం కలిగింది. చూడటానికి అయ్యే ఖర్చు వాళ్లది కాదు, నాది.

తెలిసినవాళ్లు చెబితే రెండోసారి ఒక పెద్దవయసు మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన కారును నడిపి చూడనైనా లేదు. చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తుందో మాత్రం వివరంగా అడిగి, కారును లిఫ్టు మీదికి ఎత్తి, మూరెడు ఇనుప కడ్డీ ఒకటి, చక్రాన్ని కారు అడుగు భాగానికి కలిపే లోయర్ ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య దూర్చి నా చేతికి టార్చిలైటు ఇచ్చాడు. "ఇక్కడ వెయ్యండి సార్ వెలుగు" అంటూ కడ్డీని మెల్లగా అదిమాడు. ఆర్మ్‌ను ఫ్రేముకు బిగించే చోట బుష్ అనే రబ్బరు అతుకు ఉంటుంది. దాని నిర్మాణం చాలా తేలికైనది: బయట ఒక ఉక్కు చుట్టు, లోపల బోల్టు దూరే చిన్న గొట్టం, రెంటినీ పట్టి ఉంచే రబ్బరు. ఆ రబ్బరు లోపలి గొట్టం నుంచి అర్ధచంద్రాకారంలో విడిపోయి ఉంది. కడ్డీ అదిమితే నోరు తెరిచినట్టు వేలు దూరేంత సందు ఏర్పడుతోంది, వదిలితే మళ్లీ మూసుకుని ఏమీ ఎరగనట్టు ఉంటోంది. దాని కింద అరిగిన రబ్బరు నల్లటి పొడిగా రాలి పేరుకుని ఉంది. బ్రేకు వేసినప్పుడు, దిశ మారినప్పుడు ఆర్మ్ ఆ సందు మేరకు జరిగి ఇనుము ఇనుముకు తగలడమే నేను వింటున్న చప్పుడు.

"షాకబ్జార్బర్లు మార్చడం తప్పని అనను సార్, అవీ పాతబడే ఉంటాయి. కానీ అరిచిందెవరో కనుక్కోకుండా పక్కింటివాణ్ణి కొట్టినట్టయింది" అన్నాడాయన.

రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు మార్చి, వీల్ అలైన్‌మెంటు చేయించాక 'టక్' పోయింది. అలైన్‌మెంటు సమయంలో ఇంకొక సంగతి బయటపడింది. బుష్‌లు సడలి చక్రాల కోణం తప్పడంతో ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగిపోయాయి. బయటి వైపు నుంచి చూస్తే గాట్లు నిండుగానే కనిపిస్తున్నాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, చివరి రెండంకెలు సంవత్సరం. నా టైర్ల మీద 1719 అని ఉంది, అంటే 2019లో 17వ వారం. వయసు వల్ల కూడా వాటికి విశ్రాంతి ఇవ్వవలసిందే అనుకుని మార్పించాను గాని, ఆ బుష్‌ను ఏడాది ముందే పట్టుకుని ఉంటే ఆ టైర్లు మరికొన్ని వేల కిలోమీటర్లు వచ్చి ఉండేవి.

ఆ రోజు నుంచే నోటుపుస్తకం మొదలుపెట్టాను. దానికి ఒక నియమం పెట్టుకున్నాను: అనుమానం పెన్సిల్‌తో రాయాలి, చేత్తో ముట్టుకునో, కొలిచో, కంటితో చూసో తేల్చుకున్నాకే దాన్ని పెన్నుతో దిద్దాలి, పెన్నుతో దిద్దనిదానికి విడిభాగం కొనకూడదు. ఈ నియమం నేను ఒకే ఒక్కసారి తప్పాను. నిజానికి తప్పానని కూడా అనలేను, దాన్ని అతి తెలివిగా పాటించాను.

అది క్లచ్ సంగతి. 2,38,000 దగ్గర, ఎత్తు ఎక్కుతూ నాలుగో గేరులో యాక్సిలరేటరు నొక్కితే ఇంజను గొంతు పెరుగుతోంది, టాకోమీటరు ముల్లు లేస్తోంది, కారు వేగం మాత్రం పెరగడం లేదు. ఇది క్లచ్ జారడమే అని తేల్చుకోవడానికి పెద్ద విద్య అక్కరలేదు. అదే మెకానిక్ గేరుబాక్సు దించి ఫోను చేశాడు. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి సెట్టుగా మారుస్తున్నానని చెప్పి, "క్రాంక్ షాఫ్టు వెనక సీలు పొడిగానే ఉంది సార్. అయినా గేరుబాక్సు ఎలాగూ కిందనే ఉంది కదా, వేసేద్దామా?" అని అడిగాడు. ఇంజను నూనె గేరుబాక్సు వైపు రాకుండా ఆపే ఆ సీలు కారుతున్నట్టు ఆధారం లేదు, పెన్నుతో రాయలేను, కాబట్టి వద్దన్నాను. ఆ సీలు ఖరీదు క్లచ్ సెట్టు ఖరీదులో 30వ వంతు ఉంటుంది.

ఏడు నెలలకు, కారు ఆపి దిగగానే మాడిన నూనె వాసన వచ్చింది. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య అతుకు దగ్గర, అడుగున, తేనెబొట్టులా ఒక చుక్క వేలాడుతోంది. మరో రెండు వారాలకు మొదటి గేరులో క్లచ్ వదులుతుంటే కారు వణకడం మొదలుపెట్టింది. గేరుబాక్సు మళ్లీ దిగింది. సీలు కారి, ఆ నూనె క్లచ్ ప్లేటు రాపిడి పొర మీదికి చిమ్మి, అది తడిసి నల్లబడింది. నూనె ఇంకిన పొరను ఎంత కడిగినా పాత బిగువు నమ్మకంగా రాదు కాబట్టి ఏడు నెలల ప్లేటును పారేసి కొత్తది వేయవలసి వచ్చింది. మెకానిక్ నన్ను ఒక్క మాట అనలేదు. ఊడదీసిన పాత సీలును గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు, అంతే. షాఫ్టును చుట్టి పట్టుకోవలసిన దాని సన్నటి పెదవి గోటితో నొక్కితే వంగలేదు. పలక పెచ్చులా గట్టిపడి, ఒకచోట చిట్లి ఉంది. పక్కనే ఉన్న కొత్త సీలు పెదవి చిటికెన వేలితో తోస్తే చెవితమ్మెలా వంగి వెనక్కి వచ్చింది. కారకపోవడం వేరు, బాగుండటం వేరు అని నాకు అప్పుడు తెలిసింది. 30వ వంతు మిగుల్చుకుని ఒక పూర్తి రోజు లేబరు, ఒక కొత్త ప్లేటు, కారు లేని మూడు రోజులు చెల్లించాను.

పుస్తకంలో ఆ పేజీ రాస్తున్నప్పుడే పాత కారు మీద నా లెక్క మారింది. అంతవరకు ఏ భాగం ఎంత ఖరీదు అని చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ భాగాన్ని చేరడానికి ఏమేమి విప్పాలి అని చూస్తున్నాను. పాత కారులో డబ్బు ఎక్కువగా తినేది విడిభాగం కాదు, దాని దాకా వెళ్లి రావడం. కాబట్టి ఒకే తలుపు వెనక ఉన్నవన్నీ ఒకేసారి చూడాలి. సులువుగా చేతికి అందేవాటిని మాత్రం చెడేదాకా వాడుకోవచ్చు. బల్బు, వైపరు రబ్బరు, స్పార్కు ప్లగ్గులు, బయట కనిపించే బెల్టు ఇలాంటివి ముందుగా మార్చినందువల్ల లేబరులో మిగిలేది ఏమీ లేదు.

ఇంకొక అపోహ కూడా నాకు వదిలింది. ఓడోమీటరు అంకె చూసి జనం భయపడతారు, నేనూ భయపడ్డాను. కాని ఈ 26 నెలల్లో నేను మార్చిన వాటిలో ఎక్కువ భాగం రబ్బరు: బుష్‌లు, సీళ్లు, హోసులు, ఇంజను మౌంటింగులు. రబ్బరుకు కిలోమీటర్ల కంటే ఏళ్లు, వేడి, ఓజోను ఎక్కువ చేటు చేస్తాయి. షెడ్డులో నిలబెట్టిన కారుకూ అవి గట్టిపడతాయి. ఇంజను లోపలి ఇనుము సంగతి వేరు. నా కారు మొదటి లక్షన్నర కిలోమీటర్లు ఎక్కువగా దూర ప్రయాణాల్లోనే తిరిగింది. ఇంజను ఒకసారి వేడెక్కి, నూనె అంతటా చేరి, నిలకడగా నాలుగైదు గంటలు తిరిగితే సిలిండర్ల అరుగుదల తక్కువ. చల్లటి ఇంజనును స్టార్టు చేసి, అది వేడెక్కకముందే ఆపేసే రెండేసి కిలోమీటర్ల ప్రయాణాలే దానికి ఎక్కువ కీడు. క్లచ్, బ్రేకులు, స్టార్టరు కూడా అంతే, అవి దూరాన్ని లెక్కపెట్టవు, ఆగి బయలుదేరడాలను లెక్కపెడతాయి. కాబట్టి 80,000 కిలోమీటర్లు పూర్తిగా రద్దీలోనే తిరిగిన కారు పక్కన నా కారును నిలబెడితే, క్లచ్ విషయంలో ఏది ముసలిదో అంకె చెప్పలేదు.

మధ్యలో ఒక చిన్న మరమ్మతు జరిగింది. దాని ఖర్చు పుస్తకంలో అన్నిటికంటే తక్కువ. కొన్ని ఉదయాలు సెల్ఫ్ మోటారు నీరసంగా తిరిగేది. బ్యాటరీ అన్నారు, స్టార్టరు అన్నారు, ఆల్టర్నేటరు అన్నారు. నా దగ్గరున్న మల్టీమీటరుతో కొలిస్తే ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజను తిరుగుతుండగా 14.2 వోల్టులు చూపింది. అంటే ఆ రెండూ తమ పని చేస్తున్నాయి. స్టార్టు చేస్తున్న క్షణంలో ఇంజను ఇనుముకూ బ్యాటరీ నెగటివ్ కొసకూ మధ్య ఒక వోల్టుకు పైగా కనిపించింది. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంజనును బాడీకి కలిపే ఎర్తు తీగ బోల్టు కింద తుప్పు పట్టింది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించాక సమస్య పోయింది.

ఇక పెద్ద ఖర్చు గురించి చెప్పాలి. 2,47,000 దగ్గర కూలెంట్ డబ్బాలో మట్టం వారానికి ఒక వేలెడు చొప్పున తగ్గుతూ వచ్చింది, నేల మీద మాత్రం తడి లేదు. కూలెంట్ ఎటో పోతూ కనిపించకపోతే అందరికీ మొదట తోచేది హెడ్ గ్యాస్కెటే, అంటే ఇంజను దిమ్మెకూ దాని పై హెడ్‌కూ మధ్య ఉండే పలుచటి పొర. అది పోతే కూలెంట్ నూనెలోకో సిలిండర్లలోకో చేరుతుంది. నాకూ అదే తోచింది. పెన్సిల్‌తో రాసుకున్నాను. నూనె పోసే మూత విప్పితే తెల్లటి మీగడలాంటి తరక లేదు, ఇంజను వేడెక్కాక పొగగొట్టంలో తెల్ల పొగ లేదు. మెకానిక్ రేడియేటరు మెడకు ఒక గాజు గొట్టం బిగించి, అందులో నీలం ద్రవం పోసి, లోపలి గాలిని దాని గుండా పీల్చాడు. మండిన వాయువు కూలెంట్‌లోకి చొరబడుతుంటే ఆ నీలం పసుపుకు తిరుగుతుంది. పది నిమిషాలైనా నీలం నీలంగానే ఉంది. గ్యాస్కెటును కొట్టివేశాను.

దొంగ వాటర్ పంపు. ఆ పంపు షాఫ్టు సీలు అరిగితే కారే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటపడేందుకు ఒక చిన్న రంధ్రం ఉంచుతారు. ఆ రంధ్రం కింద ఎండిపోయిన కూలెంట్ గులాబీ రంగు పొలుసుగా పేరుకుంది. కారిన చుక్క వేడికి అక్కడికక్కడే ఆవిరవుతుండటంతో నేల మీద తడి కనిపించలేదు. తప్పులో నా వాటా కూడా ఉంది. చాలా ఏళ్లపాటు మట్టం తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు పోసి మూత పెట్టేవాణ్ణి. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులు పలుచబడి, నీటిలోని ఉప్పులు పేరుకుంటే పంపు సీలు త్వరగా గీసుకుపోతుంది.

నా కారులో ఆ పంపును తిప్పేది టైమింగు బెల్టు. పంపు విప్పాలంటే బెల్టు విప్పాలి. ఆ బెల్టు చివరిసారి ఎప్పుడు మార్చానో చూద్దామని పాత బిల్లులు తిరగేస్తే నాకు చెమటలు పట్టాయి. రెండుసార్లు మార్చానని ఇన్నాళ్లూ గట్టి నమ్మకంతో ఉన్నాను. బిల్లు ఒక్కటే ఉంది, 1,09,000 దగ్గరిది. కారుతో ఇచ్చిన పుస్తకంలో లక్ష కిలోమీటర్లకు మార్చమని ఉంటే నేను 1,38,000 కిలోమీటర్లు ఒకే బెల్టు మీద తిరిగానన్నమాట. నాది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజను, అంటే వాల్వులు దిగే చోటికే పిస్టన్లు కూడా పైకి వస్తాయి, వేర్వేరు సమయాల్లో. ఆ వేళలు తప్పకుండా కాపాడేది బెల్టే. అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్ది వంచేస్తాయి, సిలిండర్ హెడ్ విప్పక తప్పదు. విప్పిన బెల్టు పళ్ల మొదళ్లలో సన్నటి పగుళ్లున్నాయి, ఒక అంచు పొడవునా నూలుపోగులు లేచి ఉన్నాయి.

అయితే ఆ పని చేయించడానికి ముందు మెకానిక్‌ను రెండు రోజులు ఆగమన్నాను. బెల్టు, టెన్షనరు, ఐడ్లర్ పుల్లీ, పంపు, థర్మోస్టాట్ వాల్వు, కొత్త కూలెంట్, లేబరు అన్నీ కలిపితే, కారు అమ్మితే వచ్చే ధరలో దాదాపు ఐదో వంతు. అంత పెట్టే ముందు ఆ ఇంజనులో ఇంకా బతుకు ఉందా అని తెలుసుకోవాలి. ఇంజనును వేడి చేసి, నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరులో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించాను: 172, 168, 175, 170 పి.ఎస్.ఐ. అంకెలు బాగుండటమే కాదు, నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, అది ముఖ్యం. డిప్‌స్టిక్ గుర్తులు చూసుకుంటూ మూడు నెలలుగా రాసుకున్న లెక్క ప్రకారం 3,000 కిలోమీటర్లకు అర లీటరు నూనె తాగుతోంది. ఆ వయసుకు అది ఫిర్యాదు చేయదగ్గది కాదు. ఆ తర్వాత లిఫ్టు కింద నిలబడి తలుపుల కింది దూలాలను, జాకీ పెట్టే చోట్లను స్క్రూడ్రైవరు పిడితో వరసగా తట్టాను. అంతటా గట్టి చప్పుడే వచ్చింది, ఒకచోట పెయింటు లేచి పైపై తుప్పు కనిపించింది, అది గీకి రంగు వేయించాను. ఇంజను బాగుండి అస్థిపంజరం తుప్పు పట్టినా, అస్థిపంజరం బాగుండి కంప్రెషన్ పోయినా నేను ఆ బెల్టు వేయించి ఉండేవాణ్ణి కాదు. రెండూ నిలబడ్డాయి, పని మొదలుపెట్టమన్నాను. ఈసారి మెకానిక్ ఆ బెల్టు వెనకే ఉండే క్యామ్ షాఫ్టు సీలు మాట ఎత్తగానే, వాక్యం పూర్తి కాకముందే వేసేయమన్నాను.

మొన్న ఆదివారం కూర్చుని మొత్తం కూడాను. పెట్రోలు, బీమా, టైర్లు, మామూలు ఆయిల్ మార్పిడి ఏ కారుకైనా తప్పనివి కాబట్టి వాటిని పక్కన పెట్టాను. మిగిలిన మరమ్మతుల ఖర్చు ఈ కారు నేడు అమ్మితే వచ్చే ధరలో సుమారు 60 శాతం. ప్రతి వందలో 54 విడిభాగాలకు, 46 లేబరుకు పోయాయి. వందలో 23 వృథా అని తేలింది, అందులో సింహభాగం ఆ వెనక సీలుదే. షాకబ్జార్బర్లను వృథాలో వేయాలో వద్దో తేల్చుకోలేక సగం వేశాను.

60 శాతం అని వినగానే మా అన్నయ్య, "కారు ఖరీదంతా కారుకే పెడుతున్నావురా" అన్నాడు. ఆ పోలిక నాకు సబబుగా తోచదు. కారు అమ్మితే వచ్చే డబ్బు ఎంత తక్కువైతే మరమ్మతు అంత దండగ అనిపించడం సహజమే గాని, నేను ఎంచుకోవలసింది ఈ కారుకూ ఆ డబ్బుకూ మధ్య కాదు, ఈ కారుకూ దీని స్థానంలో కొనబోయే మరో కారుకూ మధ్య. ఐదేళ్లు వాడిన కారు ధరలను, అదే మోడలు ఏడేళ్ల నాటి ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ రెండేళ్లలో పోయే తరుగు ఒక్కటే నా 26 నెలల మరమ్మతుల ఖర్చును మించింది. దానికి అప్పు తీసుకుంటే వడ్డీ అదనం. పైగా దాని బుష్‌లు, సీళ్ల సంగతి నాకు తెలియదు, దీనివి నా చేత్తో ముట్టుకుని చూశాను.

అన్నయ్య మాటలో ఒక్కదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కారు గ్యారేజీలో ఉన్న 11 రోజులు నా లెక్కలో ఎక్కడా లేవు. జారుడు రోడ్డు మీద కారు పక్కకు తిరగకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోలు వంటి రక్షణ ఏర్పాట్లు కూడా ఈ కారులో లేవు, ఏ మెకానిక్ వాటిని తెచ్చి బిగించలేడు. దూర ప్రయాణాలకు ఇంట్లో అందరం కలిసి వెళ్లవలసి వచ్చినప్పుడు ఈమధ్య వేరే బండి మాట్లాడుకుంటున్నాను.

ప్రస్తుతం ఓడోమీటరు 2,57,000 చూపుతోంది. వారం రోజులుగా 60 వేగం దాటాక ముందు నుంచి తుమ్మెద ఝంకారంలాంటి సన్నటి రొద వినిపిస్తోంది. కుడి వైపు మలుపులో బరువు ఎడమ చక్రం మీద పడినప్పుడు పెరుగుతోంది, ఎడమకు తిప్పితే అణగిపోతోంది. 'ముందు ఎడమ చక్రం బేరింగు' అని పెన్సిల్‌తో రాసి పెట్టాను. శనివారం జాకీ మీద లేపి, చక్రాన్ని తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి ఆనించి చూడాలి.